బియ్యం నిండుకున్నాయి, టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి

మా ఇంటిపేరుతో జమ్మలమడుగులో ఒక వీధి ఉంది. ఆ వీధిలో మా ఇల్లు మాత్రం లేదు. ఇల్లున్న చోట ఇప్పుడు ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు నడుస్తోంది. రోజూ పొద్దున నేనెక్కే ప్రొద్దుటూరు బస్సు దాని ముందు నుంచే పోతుంది. కిటికీ పక్కన సీటు దొరికినా నేను అటు తల తిప్పను. తల తిప్పకుండా, వీపు సీటుకు ఆనించకుండా కూర్చోవడం మా వంశంలో అందరికీ వచ్చిన విద్య. మిగతా ఆస్తులన్నింటి మీదా కోర్టులు తీర్పులిచ్చాయి గానీ, దీని మీద ఇంతవరకు ఎవరూ దావా వేయలేదు.

ప్రొద్దుటూరులో నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. చెబితే మా బంధువులు నమ్మరు. నమ్మినవాళ్ళు జాలిపడతారు. అందుకని చెప్పడం మానేశాను. అంతకుముందు శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. జనం శుభలేఖల్ని ఫోన్లలో పంపుకోవడం మొదలుపెట్టాక ఆ ప్రెస్సు మూతపడింది. చీరల కొట్టు పైనున్న అదే మేడ మీదికి, బెంగళూరులో ఉద్యోగం వదిలి వచ్చిన ఒక ప్రొద్దుటూరు మనిషి కంప్యూటర్లు తెచ్చి కంపెనీ పెట్టాడు. కొట్లకూ గోదాములకూ తెలుగులో పనిచేసే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం అతని వ్యాపారం. ప్రెస్సులో మర్చిపోయిన గొడుగు కోసం పోయిన రోజున అతని కంప్యూటరు తెర నా కంటపడింది. 'బిల్లు పంపండి' అని ఉండవలసిన మీట మీద 'బిల్లు చంపండి' అని ఉంది.

"ఇదెవరు రాసినారు?" అన్నాను.

"ఏమి సార్, బాగనే ఉంది గదా?"

"బిల్లేం పాపం చేసింది?"

అతను తెర దగ్గరికి వంగి చూశాడు. గట్టిగా నవ్వాడు. రేపట్నుంచి రమ్మన్నాడు. నాకు తెలిసినంతవరకు నేను చేసేది ప్రూఫులు దిద్దడమే, కాగితం పోయి తెర వచ్చింది. కానీ అతను నా ఉద్యోగానికి టెస్టర్ అని పేరు పెట్టాడు. ప్రతి మీటా నొక్కాలి. నొక్కితే రావలసింది వచ్చిందో లేదో చూడాలి. రాకపోతే రాలేదని చెప్పాలి. ఒకరు చేసిన పనిలో తప్పులు వెతికి, వాళ్ళ ముఖం మీదే చెప్పి, నెల తిరిగేసరికి జీతం తీసుకోవడం! మా వంశానికి ఇంతకంటే తగిన ఉద్యోగం ప్రపంచంలో ఉంటుందని నేననుకోలేదు. మా తాత ఇదే పని జీవితమంతా జీతం లేకుండా చేశాడు.

ఆఫీసులో రోజూ పొద్దున ఒక మీటింగు ఉంటుంది. అందులో అందరూ నిలబడే మాట్లాడాలి. కూర్చుంటే మాటలు సాగుతాయని బెంగళూరులో కనిపెట్టారట. మా తాత ముందు కూడా ఎవరూ కూర్చునేవారు కాదు, ఆ ఆనవాయితీకి ఇంగ్లీషులో పేరుందని నాకు అప్పుడే తెలిసింది. అలా నిలబడి ఉన్న ఒక రోజున ఓనరు చెప్పాడు.

"పులివెందుల కల్యాణ మంటపం వాళ్ళ పని ఒప్పుకున్యాం. వాళ్ళ స్టోరు రూము మొత్తం మన సాఫ్ట్‌వేరే చూసుకోవల్ల. బియ్యం, బ్యాళ్ళు, నూనె, ఏది ఉందో ఏది తగ్గిందో తెరమీద కనపడల్ల. ఈసారి టెస్టింగు ఆటోమేషన్లో చేస్తాండాం. ఈ అమ్మాయి చేస్తాది."

అతని పక్కన కొత్తమ్మాయి నిలబడి ఉంది. ప్రొద్దుటూరు పిల్లే. తండ్రి కువైట్‌లో డ్రైవరు. బెంగళూరులో ఇదే పని చేసి, ఇంటి దగ్గర ఉందామని వచ్చేసింది. ఇకమీద మీటలు నేను నొక్కక్కర్లేదట. యంత్రమే నొక్కి, యంత్రమే చూసి, సరిగ్గా ఉంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు వేస్తుందట.

మరి నేనేం చేయాలని అడగలేదు. మా ఇంట్లో మగవాళ్ళు ప్రశ్నలు అడగరు, అడిగించుకుంటారు. ఓనరే గ్రహించి అన్నాడు: "ఇదైపోయినాక మీ పని సంగతి మల్లా మాట్లాడుకుందాం సార్."

ఆ మాటకు అర్థం నాకు బాగా తెలుసు. పెద్దముడియం వైపు మా పొలాలు ఉన్న రోజుల్లో, కౌలుకు అడగవచ్చినవాళ్ళకు మా తాత అరుగు మీద నుంచి సరిగ్గా ఆ మాటే చెప్పి పంపేవాడు. ఎవరితోనూ మళ్ళీ మాట్లాడిన దాఖలా లేదు.

ఈ ఉద్యోగం పోతే ఇంకో మేడ మెట్లెక్కే ఓపిక మోకాళ్ళకు ఉంది గానీ, ఇంకొకరిని పని అడిగే ఓపిక నా నోటికి లేదు. కాబట్టి పులివెందుల పని పూర్తయ్యేలోపల ఆ విద్య ఏదో నేనే నేర్చుకోవాలి. నేర్చుకోవాలంటే ఆ అమ్మాయిని అడగాలి. రాత్రంతా ఆలోచించి ఒక మార్గం కనిపెట్టాను. మర్నాడు ఆమె కుర్చీ పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాను.

"ఒక ప్రశ్న అడుగుతా. నాకు తెలియక కాదు. నీకు తెలుసో లేదో చూద్దామని."

ఆమె నా ముఖం వైపు చూసింది, తరవాత నిటారుగా ఉన్న నా వీపు వైపు చూసింది. "అడగండి సార్," అంది.

"ఈ ఆటోమేషన్ నేర్చుకునేవాళ్ళకు ప్రోగ్రాము రాసేది వచ్చి తీరవల్లనా?"

"మొదలుపెట్టేదానికి శానా అక్కర్లేదు సార్. కొన్ని టూల్సు మనం నొక్కేది చూసి వాటంతట అవే రాసుకుంటాయి. కానీ అవి రాసింది మనం చదివి దిద్దుకోవల్ల. ఆ కొంచెం రావల్ల."

దిద్దుకోవాలి! ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది ముఖం మీద కనబడనీయకుండా, "సరిగ్గానే చెప్పినావు," అని నా కుర్చీకి వచ్చి కూర్చున్నాను.

తరవాతి రోజు ఏ టూలు ముందు నేర్చుకోవాలో ఆమెకు తెలుసో లేదో పరీక్షించాను. ఆమె మూడు పేర్లు చెప్పింది. మూడూ మందుల షాపులో చీటీ చూపించి అడగవలసిన పేర్లలా ఉన్నాయి.

"ఏదైనా ఒకటే సార్. ఒకటి గట్టిగా వస్తే రెండోది దానంతట అదే వస్తాది. ముందు దేన్ని టెస్టు చేయల్లనో తెలియల్ల. అది తెలీకుండా టూలు పట్టుకుంటే మా మేనమామ కథే."

"ఆయన కథేంది?"

"లైసెన్సు లేకుండా లారీ కొన్యాడు సార్."

"ఏమైంది?"

"లారీ బాగనే ఉండాది."

ఒక వారం నాకు మంచి రోజులు వచ్చాయి. పొద్దున పచ్చగా ఉన్న టెస్టు ఒకటి మధ్యాహ్నానికి ఎర్రగా మారింది. మర్నాడూ అంతే. ఎవరూ ఏదీ మార్చలేదు. యంత్రం దొరికిపోయిందని సంతోషించాను.

"ఏంది, మీ యంత్రానికి భోంచేసినాక నిద్రొస్తాదా?"

"కాదు సార్. మధ్యాహ్నం నెట్టు నిదానం. తెర తెరుచుకోకముందే ఇది మీట కోసం చూస్తాంది. కనపడక, మీటే ల్యాదనుకుంటాంది."

"కొంచెంసేపు ఆగమని చెప్పరాదా?"

"కొంచెంసేపంటే ఎంతసేపు? ఐదు సెకండ్లని చెప్తే ఒకసారి చాలదు, ఇంకోసారి దండగ. మీట కనపడేదంకా ఆగమని చెప్పల్ల."

ఇది శుద్ధ మర్యాద. మా నాన్న కోసం వచ్చినవాళ్ళు ఆయన బయటికి వచ్చేదాకా ఆగేవారు. గడియారం చూసుకుంటూ ఆగిన మనిషి మా అరుగు మీద ఎప్పుడూ లేడు. యంత్రానికి కూడా ఈ సంగతి ఒకరు నేర్పవలసి రావడం నాకు నచ్చింది.

అన్ని పనులూ యంత్రానికే అప్పజెబుతారా అని కూడా పరీక్షించాను. లేదంది. మారకుండా రోజూ మళ్ళీ మళ్ళీ చేయవలసిన పనులు దానికిస్తారట. కొత్తగా వచ్చినవీ, కంటికి ఎలా కనబడుతోంది, చదివిన మనిషికి అర్థమవుతోందా లేదా అన్నవీ మనిషే చూడాలట. ఈ జవాబుకు కూడా సరిగ్గానే చెప్పినావన్నాను. విన్నాను గానీ చెవిలో నిలవలేదు. ఎందుకంటే అప్పటికి నా మనసంతా నేను అడగని ప్రశ్న మీద ఉంది. ఈ విద్య కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ అన్నింటికంటే ముందు అడిగే ప్రశ్న అదేనట: యంత్రం వస్తే టెస్టర్ ఉద్యోగం ఉంటుందా, పోతుందా? దాన్ని పరీక్ష పెట్టినట్టు అడగడం నాకు చేతకాలేదు.

కొన్నాళ్ళకు నేను నిలబడకముందే ఆమె అడగడం మొదలుపెట్టింది. "ఏమి సార్, ఈ పొద్దు పరీక్ష ల్యాదా?"

ఇంతలో పులివెందుల మంటపం యజమాని ఆఫీసుకు వచ్చాడు. ఆయన వెంట అల్లుడు. అల్లుడు బెంగళూరు కంపెనీకి ఇంట్లో నుంచే పనిచేస్తాడు. మంటపంలో పెళ్ళి ఉన్న రోజుల్లో మాత్రం స్టోరు రూము పెత్తనం అతనిది. అల్లుడు చెవుల్లో వైర్లు పెట్టుకుని ఒక మూల తన కంపెనీ మీటింగులో ఉండిపోయాడు. యజమాని తెర చూసి మెచ్చుకుని, ఒక్క షరతు పెట్టాడు.

"మాది శుభకార్యాలు జరిగే తావప్పా. సామాన్లు ఖాళీ ఐతే తెరమీద 'లేదు' అని రాకూడదు. సున్నా రాకూడదు."

"'అయిపోయింది' అని పెడదాం మామా," అన్నాడు మా ఓనరు.

"అయిపోయిందా? ఎవురు? నీ నోరు కడుక్కోప్పా ముందు."

"ఏ మాటా వద్దు. ఎర్ర రంగు వేస్తాం."

"ఎరుపు కుంకమ రంగు. అది మంచికి."

"పోనీ నలుపు?"

యజమాని అతని వైపు ఒక చూపు చూశాడు. మా ఓనరు ఆ చూపు నుంచి తప్పించుకుని నా వైపు చూశాడు. ఇంతకాలానికి ఆ మేడ మీద నన్ను ఎవరో ఏదో అడిగినట్టయింది.

"నిండుకుంది," అన్నాను.

మా నాయనమ్మ 'లేదు', 'అయిపోయింది' అన్న మాటలు ఇంట్లో పలకనిచ్చేది కాదు. బియ్యం డబ్బాలో అడుగు కనబడితే బియ్యం నిండుకున్నాయనాలి. దీపం ఆరిపోతే కొండెక్కిందనాలి. ఖాళీ అయినదాన్ని నిండిందని చెప్పుకోవడం చాలా తెలుగు ఇళ్ళల్లో ఉన్న మర్యాదే గానీ, మా ఇంట్లో దానికి పని ఎక్కువ పడింది. మూడు తరాలుగా మా ఇంట్లో అన్నీ నిండుకుంటూనే ఉన్నాయి. ముందు గాదెలు నిండుకున్నాయి, తరవాత బీరువాలు, ఆ తరవాత వచ్చిపోయే మనుషులు.

"ఇదీ మాటంటే!" అన్నాడు యజమాని. "మా యమ్మ ఇట్లనే అంటాండె. ఏమి అల్లుడా, బాగుంది గదా?"

అల్లుడు వైర్లు తీయకుండానే బొటనవేలు ఎత్తి చూపించాడు.

వాళ్ళు పోయాక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "సార్, నేను తెలీకనే అడుగుతాండా. నిండుకుంది అంటే ఖాళీ అనా?"

అవునన్నాను. "ఐతే టెస్టులో అట్లనే రాస్తా. బియ్యం సున్నా చేస్తే తెరమీద 'బియ్యం నిండుకుంది' అని రావల్ల."

"ఆగు. బియ్యం నిండుకోదు. బియ్యం నిండుకుంటాయి."

"బియ్యం ప్లూరలా సార్?"

"ఒక్క గింజతో ఎవరైనా వండుకుంటారా?"

"మరి చక్కెరో?"

"చక్కెర ఏకవచనం. నిండుకుంది."

"చక్కెర గింజలు బియ్యం కంటే తక్కువుంటాయా సార్?"

వ్యాకరణానికి ఎదురు ప్రశ్నలు వేయకూడదని చెప్పాను. ఆ రోజంతా ఇద్దరం కూర్చుని స్టోరు రూములోని సామాన్లన్నింటికీ వచనాలు తేల్చాం. పెసలు నిండుకుంటాయి, బెల్లం నిండుకుంటుంది, పాలు నిండుకుంటాయి, పెరుగు నిండుకుంటుంది. ఆమె అవన్నీ యంత్రానికి చెప్పింది. అది ఒక్కొక్క సరుకునూ ఖాళీ చేసి, తెర చదివి, మేం చెప్పినట్టే ఉందో లేదో సరిపోల్చుకోవడం మొదలుపెట్టింది. మా వంశం తరఫున ఒక యంత్రం నిండుకుంది, నిండుకుంది అని అప్పజెబుతూ ఉంటే చూడముచ్చటగా ఉంది.

"దీనికి తెలుగు బాగనే వచ్చిందే," అన్నాను.

"దీనికి తెలుగు రాదు సార్. మనం ఏం రావల్లని చెప్తామో అది వచ్చిందా ల్యాదా అని చూస్తాది. అంతే."

చివరికి టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి. ఓనరు అందరికీ మిక్చరు తెప్పించాడు. పులివెందులలో తెర పెట్టి వచ్చారు. ఆ తరవాత ఒక మధ్యాహ్నం ఓనరు నన్ను తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"సార్, ఇంగ మీ పని సంగతి..." అని అతను గొంతు సవరించుకునేలోపల అతని ఫోను మోగింది. అవతలి మాటలు చెవికి ఆనించుకోకుండానే నాకు వినబడ్డాయి.

"ఏందప్పా నీ సాఫ్ట్‌వేరు! రెండో బంతికి బువ్వ ల్యా! మగపెండ్లోల్లు ఖాళీ ఆకుల ముందర కూచోని నన్ను చూస్తాండారు!"

ఓనరు కారులో ముగ్గురం బయలుదేరాం. ముద్దనూరు దాటాం. వెనక సీట్లో అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని టెస్టులన్నీ మళ్ళీ నడిపింది.

"అన్నీ గ్రీనే సార్."

"గ్రీనే ఐతే బువ్వ యాడికి పోయింది?" అన్నాడు ఓనరు.

తొండూరు దగ్గర ఆమె ఇంకోసారి నడిపింది. మళ్ళీ అంతా పచ్చగానే ఉంది. పైరు అంత పచ్చగా ఆ దారిలో ఎక్కడా లేదు.

మేం పోయేసరికి ఊళ్ళో కొట్ల నుంచి మూటలు తెప్పించి, వండి, ఆగిన బంతి మళ్ళీ నడిపిస్తున్నారు. చేతులు కడుక్కుంటున్న మగపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన యజమానికి వినబడేటట్టు పక్కవాణ్ణి అడుగుతున్నాడు: "ఏమప్పా, మనం పెండ్లికొచ్చినామా, ఒక్కపొద్దుండేదానికొచ్చినామా?" యజమాని పళ్ళు కొరుక్కుంటూ మమ్మల్ని స్టోరు రూములోకి తీసుకుపోయాడు. గోడకు మా తెర. దాని మీద తప్పు లేని తెలుగులో 'బియ్యం నిండుకున్నాయి' అని ఉంది. దాని కింద అల్లుడు నిలబడి ఉన్నాడు.

"మీరే చూడండి సార్," అన్నాడు అతను నాతో. "పొద్దున మొదటి బంతికి బియ్యం తీసుకపోయినాక, రెండో బంతికి బియ్యం చూసినారా అని వంట మాస్టరు అడిగినాడు. చూసినా. నిండుకున్నాయి అని ఉండాది. ఫుల్లుగా ఉండాయి, పో అని చెప్పినా. నాదేం తప్పు?"

"నిండుకున్నాయంటే ల్యావని అల్లుడా," అన్నాడు యజమాని.

"అదెట్ల మామా? నూనె 'ఉంది' అని ఉండాది. ఉప్పు 'ఉంది' అని ఉండాది. ఉంది కంటే నిండుకుంది ఎక్కువ గదా?"

ఏ మీటలోనైనా తప్పు పట్టగల నేను ఆ వాదంలో తప్పు కోసం చాలాసేపు వెతికాను. దొరకలేదు. అల్లుణ్ణి తిట్టే వీలు లేదు కాబట్టి యజమాని తిట్లన్నీ మా ఓనరు వైపు తిరిగాయి. మా ఓనరు మా ఇద్దరి వైపు తిరిగాడు.

"ఇది టెస్టింగులో దొరకల్ల గదా సార్?"

"టెస్టు సరిగ్గానే ఉండాది," అంది అమ్మాయి. "బియ్యం సున్నా. తెరమీద నిండుకున్నాయి. రావల్సిందే వచ్చింది."

"మరి తప్పేంది?"

"ఇది చదివితే మనిషికి ఏమర్థమైతాదని మనం ఎవురినీ అడగల్యా."

"మాటలో తప్పు లేదు," అన్నాను నేను. నా గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

యజమాని నా వైపు తిరిగాడు. ఆయన కోపం అప్పటికి దిగిపోయింది. "మాటలో తప్పు ల్యా సామీ," అన్నాడు నెమ్మదిగా. "కానీ బువ్వ ల్యా."

మా నాయనమ్మ ఒప్పుకోని ఆ మాట ఒక శుభకార్యం మధ్య ఆయనే అనవలసి వచ్చింది.

తిరుగుదారిలో ఓనరు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, మధ్యాహ్నం ఆగిపోయిన మాట అందుకున్నాడు.

"రోజూ నొక్కేదంతా ఇంగ మిషను చూసుకుంటాది సార్. మీరు బయటికి పోవల్ల. ప్రొద్దుటూరు, పులివెందుల, మీ జమ్మలమడుగు, మూడూర్లు తిరగల్ల. కొట్టుకు పోయి తెర చూపించి, ఇది చదివితే మీకేమర్థమైతాందని అడగల్ల. చేస్తానంటే పని ఉండాది."

"అడగల్నా?"

"అడగల్ల సార్. చేయనంటే మీ ఇష్టం."

ఈసారి మళ్ళీ మాట్లాడుకుందామని కూడా అనలేదు.

మర్నాడు ఆఫీసుకు పోయాను. కొట్ల ముందు నిలబడే సంగతి తరవాత, ముందు తెర మీద మాట మార్చాలి. 'లేదు' పనికిరాదు, 'నిండుకుంది' బంతి ఆపింది. 'తెప్పించాలి' అని పెట్టమన్నాను. అశుభం లేదు, అబద్ధం లేదు, పైగా ఆజ్ఞలా ఉంటుంది. బియ్యం తెప్పించాలి, చక్కెర తెప్పించాలి. వచనంతో పనే లేదు.

"అబ్బా! ఐతే సగం టెస్టులు తీసేయొచ్చు సార్," అంది అమ్మాయి.

"తీసేస్తే నష్టం కాదా? నాకు తెలియక కాదు..."

"నాకు తెలుసో ల్యాదో అని. తెలుసు సార్. టెస్టులు ఎన్నుండాయనేది గొప్ప కాదు. తెర మారినప్పుడల్లా అన్నిటినీ మార్చుకోవల్ల. పనికిరానివి పెట్టుకుంటే వాటికీ మేతెయ్యల్ల గదా."

ఎక్కేవాళ్ళు ఎవరూ లేని గుర్రానికి మా తాత చివరిదాకా మేత వేయించాడు. తీసేయమన్నాను.

పులివెందులలో నన్నెరిగినవాళ్ళు లేరు కాబట్టి అక్కడ మొదలుపెట్టాను. కొట్టు ముందు నిటారుగా నిలబడి, ఫోనులో తెర చూపించి, "ఇదేమిటో చెప్పు. నాకు తెలియక కాదు, నీకు అర్థమైందో లేదో చూద్దామని," అని అడిగేవాణ్ణి. కొట్టువాళ్ళు చేతిలో పని వదిలి లేచి నిలబడేవారు. ఒకాయన నేను తూనికల ఆఫీసరుననుకుని కాటా తుడిచాడు. అందరూ శానా బాగుందన్నారు. అర్థమైందా అంటే అర్థమైందన్నారు. ప్రొద్దుటూరులోనూ ఇంతే. అందరూ పాసయ్యారని చెబితే అమ్మాయి సంతోషిస్తుందనుకున్నాను.

"పులివెందులలో పాత మాట చూపించింటే కూడా బాగుందనే అనిందురు సార్," అంది.

"అదెట్ల?"

"మీరడిగేది పరీక్ష మాదిరి ఉంటాది. పరీక్షంటే ఎవురైనా పాసయ్యేదానికే చూస్తారు. మీరు నన్నడిగినప్పుడు నేను కూడా అంతే, తెలీనివి కొన్ని ఇంటికి పోయి చదువుకోనొచ్చి మరుసటి రోజు చెప్తాంటి." తల వంచుకుని కీబోర్డు తుడుస్తూ అంది. "నిజంగా తెలీనట్టు అడగల్ల సార్. అప్పుడు చెప్తారు."

ఇంక జమ్మలమడుగు ఒక్కటే మిగిలింది. అక్కడ ఏ కొట్టుకైనా పోవచ్చు. కానీ పరీక్షను తప్పించుకున్నానని నాకు నేనే అనుకోకుండా ఉండాలంటే ఒక్క కొట్టే ఉంది. మా ఇంటిపేరున్న వీధిలో, స్కూలుకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు. ఆ కొట్టాయన తండ్రి మా ఇంటికి సరుకులు పంపేవాడు.

పొద్దున బస్సుకు పోకుండా నేరుగా అక్కడికి పోయాను. నన్ను చూసి ఆయన గల్లా దగ్గర నుంచి లేచి, స్టూలు దులిపి ముందుకు జరిపాడు. నేను కూర్చోలేదు. నూనె పాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళిద్దరు పక్కకు తప్పుకున్నారు. ఫోను చాచి చూపించాను.

"ఇది చదివితే నీకేమర్థమైతాది?"

ఆయన చూడనైనా చూడకుండా నవ్వాడు. "ఏంది సామీ, నీకు తెలీకనా? నాకు తెలుసో ల్యాదో అని పరీక్ష పెడ్తాండావా?"

అవునన్న మాట నా నోట్లో తయారుగా ఉంది. అది నా ఒక్కడి మాట కాదు, మా తాతదీ మా నాన్నదీ కూడా. ఎదురుగా స్కూల్లో పిల్లలు ఏదో అప్పజెబుతున్నారు. ఆడవాళ్ళిద్దరూ నన్నే చూస్తున్నారు.

"కాదప్పా," అన్నాను. "నాకు తెలీకనే అడుగుతాండా."

ఆయన నవ్వు ఆగింది. ఫోను నా చేతిలో నుంచి తీసుకుని, తువ్వాలుతో తెర తుడిచి, చెయ్యి దూరంగా చాపి, ఒక్కొక్క అక్షరమే చదివాడు. "బియ్యం. తెప్పించాలి." ఒకసారి నా ముఖం చూశాడు. ఫోను గల్లా మీద జాగ్రత్తగా పెట్టి, వెనక్కి తిరిగి మూట మూతి విప్పి, కాటా ముందుకు లాక్కున్నాడు.

"సోనామసూరినే గదా సామీ? ఎన్ని కేజీలు కట్టమంటావు?"

ఇది నా సంగతి కాదనీ, పులివెందుల మంటపం సంగతనీ, ఆఫీసు పనిమీద వచ్చాననీ చెప్పాలి. చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కానీ ఆ పొద్దున నేను చెప్పులు వేసుకుంటూ ఉంటే నా భార్య వంటగదిలో నుంచి బియ్యం నిండుకున్నాయని అంది. నేను తల తిప్పకుండా బయటికి వచ్చాను.

"పది కేజీలు కట్టు," అన్నాను.

ఆయన కడుతూ ఉండగా స్టూలు మీద కూర్చుని, అమ్మాయి నేర్పిన పద్ధతిలో ఫలితం ఫోనులో రాశాను. రావలసింది: చదివిన మనిషికి అర్థం కావాలి. వచ్చింది: పది కేజీల సోనామసూరి. పాస్.